ఎరుక లేని మాట

అన్నం తిననని మారాం చేసే పిల్లాణ్ణి దారికి తేవడానికి మన ఇళ్లల్లో ఓ పాత మంత్రం ఉంది. ‘‘తింటావా, ఎరుకలోళ్లకి పట్టించేదా?’’ అంతే! బిడ్డ బెదిరి నోరు తెరుస్తాడు. ముద్ద లోపలికి పోతుంది. ముద్దతోబాటే ఇంకోటీ పోతుంది. ఫలానావాళ్లంటే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు, దొంగలు అనే నమ్మకం. ముద్ద అరిగిపోతుంది గానీ ఆ నమ్మకం అరగదు.

తమాషా ఏమిటంటే, ఆ ఎరుకలామే బుట్ట చంకనబెట్టుకుని ‘సోది చెబుతానమ్మా’ అంటూ వీధిలోకి వస్తే, చాటలో బియ్యం పోసి ఆమె ముందు చెయ్యి చాపేదీ మనమే! ఎరుక అంటే జ్ఞానం. మన కురవంజుల్లో, యక్షగానాల్లో దిగులుగా ఉన్న నాయికకు మంచి రోజులొస్తాయని చెప్పడానికి వచ్చేది ఎరుకలసానే. సాహిత్యంలో ఇంత గౌరవంగా కనిపించే మనిషి పోలీసు రికార్డుల్లో దొంగ ఎలా అయింది?

దీనికి జవాబు మన నెల్లూరు తీరంలోనే ఉంది. ఉప్పులో ఉంది!

రైళ్లు రాకముందు, కోస్తాలో పండే ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకుపోయి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చి అమ్మేవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. తెల్లదొరలు ఉప్పును తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. సరుకు మొయ్యడానికి రైళ్లొచ్చాయి. పైగా 1876-78 నాటి మహా కరువు. వాళ్ల వ్యాపారం చితికిపోయింది. తిరగడం మాత్రం మిగిలింది. స్థిరంగా ఒకచోట ఉండకుండా, పన్ను కట్టకుండా తిరిగేవాళ్లను చూస్తే సర్కారుకు అనుమానం.

ఆ అనుమానమే చట్టమైంది. 1871లో ఉత్తరాదిన తెచ్చిన ‘క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు’ను 1911లో మార్చి మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. ఇది నేరం చేసినందుకు వేసే శిక్ష కాదు. ఫలానా తల్లి కడుపున పుట్టినందుకు వేసే శిక్ష! రిజిస్టర్లో పేరు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. చంటిబిడ్డను చంకనేసుకున్న తల్లులు ఈ వాక్యాన్ని మరోసారి చదవండి.

మన జిల్లాలో కావలి, కప్పరాళ్లతిప్ప, అటు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం... ఇవన్నీ అలా వెలిసిన సెటిల్‌మెంట్లే. కావలి వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కూ, స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీకీ అప్పగించారు. ఎరుకలవాళ్లతోబాటు యానాదుల్లో కొందరి మీదా ఈ ముద్ర పడింది.

ఎరుకలవాళ్లు తమను ఏకలవ్యుడి సంతతిగా చెప్పుకుంటారు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి అడిగింది ఒక్క బొటనవేలే. ఈ సర్కారు మాత్రం ఏ తప్పూ చెయ్యనివాళ్ల దగ్గర కూడా వేలిముద్రలు తీసి దాచుకుంది!

మనుషులకు ఇలా ముద్ర వెయ్యడాన్ని స్టీరియోటైప్ అంటారు. అది అచ్చాఫీసులో పుట్టిన మాట. ఒకసారి పలక పోత పోస్తే ఎన్ని కాయితాలు తీసినా అదే అచ్చు పడుతుంది. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ఆ మాటను మన బుర్రలో ముందే పోతపోసుకున్న అభిప్రాయాలకు వాడాడు. ఆ బాధేమిటో మనకు ఒకరు చెప్పాలా? ‘ఆడవాళ్లకి లెక్కలు రావు’, ‘ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు’ అని మనమీదా కొట్టే ముద్రలెన్ని!

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్. చట్టాన్ని ఎత్తెయ్యాలని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే యానాదుల కోసం పనిచేసినవారు మన నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య. వాళ్ల గురించి పుస్తకాలు కూడా రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

చట్టం పోయింది. మరి ముద్ర? 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అని ఒకే ఏడాది రెండు సినిమాలొచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చినప్పుడు మమ్మల్ని కించపరుస్తున్నారంటూ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగం చేసుకునే అమ్మాయి తన ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు చేతిసంచీ దగ్గరికి లాక్కుంటే ఆమెకెలా ఉంటుంది?

సినిమాల్ని అని ఏం లాభం? పోయినేడు మా వీధిలో ఒకరింట్లో ఉంగరం కనబడలేదు. ఆ రోజు ఆ ఇంటికి కేబుల్ అబ్బాయి వచ్చాడు, కరెంటు పనివాడు వచ్చాడు, చుట్టాలూ వచ్చారు. అనుమానం మాత్రం వాకిలి ఊడ్చే యానాదామె మీదికే పోయింది. ఆమె వాదించలేదు. కొంగు విప్పి దులిపి చూపించింది. రెండ్రోజులకు ఉంగరం బియ్యం డబ్బాలో దొరికింది. దొరికిందన్న సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నేను చెబితే నవ్వింది. ‘‘కోపం రాలేదా?’’ అన్నాను. ‘‘కోపమొస్తే పని పోద్ది గదమ్మా!’’ అంది.

ఇంకో సంగతి. ఆ ఇంటివాళ్ల రొయ్యల గుంటలకు రాత్రిళ్లు కాపలా ఉండేది ఆమె భర్తే! లక్షల రూపాయల సరుకు అతనికి ఒప్పగించి వాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. పంటచేలకూ తోటలకూ యానాదుల్ని కాపలా పెట్టుకోవడం ఈ ప్రాంతంలో తాతల నాటి అలవాటు. కాపలాకు పనికొచ్చే మనిషి, వస్తువు పోగానే దొంగ ఎలా అవుతాడు? ముద్రకు ఈ లెక్కలు పట్టవు.

ముద్రను చెరపడం చేతకాని పనేం కాదు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణం గారితో కలిసి 1970ల్లో స్టూవర్టుపురం వెళ్లారు. దొంగలని లోకం వెలేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లతో మాట్లాడి, నేరం వదిలి బతికే దారి వెతికారు.

మనందరం అంతంత పనులు చెయ్యలేకపోవచ్చు. కానీ ఇంట్లో మాట మన చేతిలోదే కదా! బిడ్డకు అన్నం పెట్టేటప్పుడు చందమామను పిలవండి, ఒక కులాన్ని పిలవకండి. వస్తువు కనబడకపోతే ముందు ఇల్లంతా వెతకండి. తొందరపడి ఎవరినైనా అనుమానించి ఉంటే, వస్తువు దొరికిన రోజున ఆ మాట అందరిముందూ చెప్పండి. మొట్టమొదట ఆ మనిషికే చెప్పండి.