మూలన పడ్డ కంప్యూటర్ మళ్ళీ లేచింది



మొయినాబాద్‌లోని మన హాస్టల్ స్టోర్ రూములో, పాత దుప్పట్ల మూటల వెనుక రెండు కంప్యూటర్లు మూడేళ్ళుగా పడి ఉన్న సంగతి మీకు తెలిసిందే. ఒక షాపులో చూపిస్తే "ఇవి పనికిరావు, తూకానికి అమ్మేయండి" అన్నారు. వార్షికోత్సవానికి గదులు శుభ్రం చేస్తూ మేము వాటిని బయటికి తీశాము. ఇప్పుడు అందులో ఒకటి స్టడీ అవర్‌లో పని చేస్తోంది. అది ఎలా సాధ్యమైందో తమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు చెప్పాలనే ఈ వ్యాసం.

కంప్యూటర్‌కు ముసలితనం వస్తుందా?

కంప్యూటర్ నెమ్మదించిందంటే యంత్రం అరిగిపోయిందని మనం అనుకుంటాము. చాలాసార్లు అది నిజం కాదు. కొత్తగా వచ్చే సాఫ్ట్‌వేర్ ఎక్కువ మెమొరీ అడుగుతుంది, పాత యంత్రం ఆ బరువు మోయలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. అలా బాగున్న కంప్యూటర్ కూడా పాత సామానులో చేరిపోతుంది.

దీనికి వేరే దారి ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిని ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను తయారుచేశారు. ఈ రెండూ కలిసిన వ్యవస్థను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. మన హైదరాబాద్‌లో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ దాన్ని తెలుగులో కనిపించేలా చేసింది.

మేము చేసిన పని

ఇంజనీరింగ్ చదువుతున్న మన సీనియర్ అన్న ఒక ఆదివారం పెన్ డ్రైవ్‌లో లినక్స్ తెచ్చారు. కంప్యూటర్‌లో ఏదీ చెరపకుండా, పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చని అప్పుడే తెలిసింది. మొదట దుమ్ము దులిపాము. రెండో కంప్యూటర్ మదర్‌బోర్డు నిజంగానే పోయింది. దాని మెమొరీ తీసి మొదటిదానికి పెడితే 2 జీబీ అయింది. తక్కువ మెమొరీతో నడిచే ఎల్‌ఎక్స్‌డీఈ అనే తెర పెట్టుకున్నాము.

అయినా ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. గంటసేపు తల పట్టుకున్నాక చూస్తే, కంప్యూటర్‌లో తేదీ 2009 అని ఉంది! లోపలి గుండ్రటి సెల్ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు ఉంటుంది కాబట్టి తేదీ తప్పైతే కంప్యూటర్ వాటిని నమ్మదు. చేతి గడియారాల షాపులో కొత్త సెల్ కొని వేస్తే సరిపోయింది.

ఇప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి చేవెళ్ళ నెట్ సెంటర్‌కు పోనక్కరలేదు. బస్సు చార్జీ, సెంటర్ రుసుము మిగిలాయి. ఒక పూట బడి కూడా పోవడం లేదు. నెట్ లేని రోజు కివిక్స్ అనే ప్రోగ్రాంలో దాచిన తెలుగు వికీపీడియా చదువుకుంటున్నాము. దీనికి హద్దులూ ఉన్నాయి. వీడియోలు ఆగి ఆగి వస్తాయి, నాలుగు పేజీలు ఒకేసారి తెరిస్తే మొరాయిస్తుంది. రాయడానికి, చదవడానికి మాత్రం చాలు.

పాడైనది ఎక్కడికి పోవాలి?

2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించినట్టు లెక్కకు వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. పాత బోర్డుల్లో సీసం ఉంటుంది. రాగి కోసం తీగలు కాలిస్తే విషపు పొగ వస్తుంది. మనం ఉన్నది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల పరివాహకంలో. ఆ జలాశయాలను కాపాడాలనే 1996లో 84 గ్రామాలకు 111 జీవో వచ్చింది. కాబట్టి పాడైన బోర్డును చెరువు గట్టున పారేయవద్దు, కాల్చవద్దు. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ వారికే ఇద్దాము.

అన్నలకు మనవి

మీ ఆఫీసులో, ఇంట్లో కంప్యూటర్ మార్చినప్పుడు పాతదాన్ని తూకానికి వేసేముందు మమ్మల్ని తలుచుకోండి. మీ ఫైళ్ళు తీసేసి ఇవ్వండి. ఇవ్వడానికి ఏమీ లేకపోయినా పరవాలేదు, ఒక ఆదివారం వచ్చి నాలుగు మాటలు నేర్పండి. మన సీనియర్ అన్న తెచ్చింది ఒక పెన్ డ్రైవే. దాంతోనే ఇంత పని జరిగింది.