ఒక్క డాలరుకు రాసిచ్చిన విషం

నయాగరా అనగానే జలపాతం గుర్తొస్తుంది. అమెరికాలో ఆ జలపాతం ఉన్న ఊళ్లోనే లవ్ కెనాల్ అనే పేట ఉండేది. అక్కడ తవ్వి మధ్యలో వదిలేసిన ఓ పాత కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి.

డెబ్బయ్యో దశకంలో భారీ వానలకు తుప్పు పట్టిన డ్రమ్ములు పెరళ్లలో బయటపడ్డాయి. ఇళ్ల నేలమాళిగల్లోకి నల్లటి రసాయన బురద ఊరింది. తల్లులు రోడ్డెక్కారు. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు.

మరి శుభ్రం చేసే ఖర్చెవరిది?

1980 డిసెంబరులో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం సూటిగానే తేల్చింది. పాడు చేసినవాడే కట్టాలి. వాడు దివాలా తీసినా, దొరక్కపోయినా పని ఆగకుండా ఓ నిధి ఉండాలి. అందులో పెద్ద వాటా చమురు, రసాయన కంపెనీల మీద వేసిన పన్నులదే. న్యాయమైన ఏర్పాటు! కానీ 1995లో ఆ పన్నుల గడువు తీరితే పొడిగించలేదు. భారం మెల్లగా మామూలు జనం కట్టే పన్నుల మీదికి జరిగింది. రసాయనాల పన్ను తిరిగి అమల్లోకి వచ్చింది 2022లో.

లవ్ కెనాల్ పేరును 2004లో, శుభ్రం చేయాల్సిన స్థలాల సూపర్‌ఫండ్ జాబితా నుంచి తీసేశారు. విషం మాత్రం అక్కడే ఉంది, బంకమట్టి కప్పు కింద, కంచె లోపల. అందులోంచి ఊరే నీటిని ఇప్పటికీ పట్టి శుద్ధి చేస్తున్నారు.