మూగజీవుల సేవకు బీమా రక్షణ

గాయపడిన ఆవును, దిక్కులేని కుక్కను చేరదీయుట మన పల్లెలకు క్రొత్త కాదు. పెద్దపల్లి జిల్లా కాల్వ శ్రీరాంపూర్ వంటి మండలములలో బందెలదొడ్డి యెరుగని పెద్దలుండరు. నేడు యువకులు సంఘముగా ఏర్పడి ఈ సేవకై షెడ్డు వేయుటకు స్థలము కోరినచో, పంచాయతీ సభ్యులు ముందుగా ఒక ప్రశ్న వేయవలెను. ఆ పశువు ఎవరినైన పొడిచినచో, ఆ కుక్క ఎవరినైన కరచినచో నష్టపరిహార మెవరు చెల్లింతురు?

దయ బాధ్యతను తొలగింపదు. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టము ప్రకారము, జంతువు ఎవరి అధీనమున నున్నదో వారే దాని క్షేమము చూడవలెను. దాని వలన మనుష్యులకు ప్రాణాపాయము గాని తీవ్రగాయము గాని కలుగకుండ తగు జాగ్రత్త పడనివారికి 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఈ శిక్షను ఏ బీమాయు తప్పింపదు. బీమా మోయునది పరిహారపు భారమును మాత్రమే.

మొదటి పని రిజిస్ట్రేషను. 2001 నాటి సొసైటీల చట్టము క్రింద కనీసము ఏడుగురు చేరి సంఘమును నమోదు చేసికొనవచ్చును. నమోదు లేనిచో, దావా వచ్చినపుడు భారము సభ్యుల సొంత ఆస్తిపై పడు ప్రమాదము కలదు.

పిదప మూడు రక్షణలు అవసరము. ఒకటి, వచ్చిపోవువారికి, ఇరుగుపొరుగువారికి కలుగు హానికై పబ్లిక్ లయబిలిటీ పాలసీ. అందు పశువుల పోటు, కుక్కకాటు చేరియున్నవో లేవో చదివి చూచుకొనవలెను. రెండవది, బండికి థర్డ్ పార్టీ బీమా. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇది తప్పనిసరి. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునకు బీమా కంపెనీ బాధ్యత వహింపదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ట్రాలీలో పశువు వెంట సేవకులను ఎక్కింపరాదు. మూడవది, పనిచేయువారికి రక్షణ. జీతగాండ్రకు పరిహార బీమా, స్వచ్ఛంద సేవకులకు ప్రమాద బీమా వేరువేరుగా తీసికొనవలెను. 18 మొదలు 70 ఏండ్ల వయస్సు గల బ్యాంకు ఖాతాదారులకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఏటికి 20 రూపాయలకే లభించును. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. చికిత్స ఖర్చు మాత్రము ఇందు రాదు.

రేబిస్ లక్షణములు కనబడిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. కుక్కలను పట్టువారు ముందుగానే టీకాలు వేయించుకొనవలెను. ఏ పాలసీయు ఈ జాగ్రత్తకు సాటి రాదు.

జంతువు వచ్చిన తేది, దాని స్థితి, చేసిన వైద్యము, తీసికొనిపోయినవారి సంతకము పుస్తకమున నమోదు కావలెను. ప్రమాదము జరిగిన వెంటనే కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. స్థలమిచ్చు తీర్మానములోనే, పాలసీల నకళ్లును ప్రీమియము రశీదులును ఏటేట పంచాయతీకి దాఖలు చేయవలెనను షరతు చేర్చవలసినదిగా మేము సభ్యులకు సూచించుచున్నాము.