గార పళ్ళు – చిగుళ్ళ పరీక్ష

పళ్ళకు పట్టిన పసుపు, గోధుమ రంగులన్నిటికిని వాడుకలో ఒకటే పేరు: గార. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఈ ఒక్క పేరే చిక్కు తెచ్చును. ఏలననగా అచ్చట గార రెండు విధములు.

మొదటిది ఫ్లోరైడు మచ్చ. అచ్చటి గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు కరగి భూగర్భజలములో చేరును. పంటి పింగాణీ పొర దవడలోపల తయారగు బాల్యమున, సుమారు 8 ఏండ్ల లోపు, అట్టి నీరు త్రాగినవారికి ఆ పొరలోనే మచ్చ ఏర్పడును. ఎంత తోమినను పోదు.

రెండవది గట్టిపడిన పాచి. ఉమ్మిలోని కాల్షియము లవణములు చేరి, క్రింది ముందుపళ్ళ లోపలివైపున, చిగురంచున ఇది ఎక్కువగా పేరుకొనును. దానిపై నిలుచు సూక్ష్మజీవుల వలన చిగురు వాచి, పంటిని పట్టియుంచు ఎముక క్రమముగా క్షీణింపవచ్చును. సాధారణముగా నొప్పి యుండదు. దీనినిగూడ ఊరి నీటి గుణమే యనుకొన్నవాడు పన్ను కదలిన పిమ్మటగాని వైద్యుని యొద్దకు పోడు. ఈ గారను వైద్యుడు తేలికగా గీకి తీయగలడు!

కనుక రంగు చూచిన చాలదు, లోతు కొలువవలెను. 1982లో ప్రకటింపబడిన పద్ధతిలో నోటిని ఆరు భాగములుగా నెంచి, కొనయందు 0.5 మి.మీ. గుండుగల సన్నని శలాకను చిగురునకు పంటికి నడుమ మెల్లగా దించెదరు. శలాకపై 3.5 నుండి 5.5 మి.మీ. వరకు నల్లపట్టీ యుండును. పట్టీ కొంత మునిగినచో లోతు 4 లేక 5 మి.మీ.; పూర్తిగా మునిగినచో 6 మి.మీ. లేక అంతకు మించినది. రక్తము వచ్చినచో అదియు వ్రాసికొందురు. అయితే బీడీ, చుట్ట త్రాగువారి చిగుళ్ళ నుండి వ్యాధి యున్నను రక్తము తక్కువగా వచ్చును. వారి విషయమున శలాక చూపిన లోతే ముఖ్యము.