పశువుల కొట్టం నుండి మన మందుల డబ్బా దాకా

గుండె కవాటం మార్పించుకొని, రక్తం పలుచబడే మాత్ర వాడేవారు మా వార్డులకు తరచు వస్తుంటారు. ఆ మాత్ర కథ పశువుల కొట్టంలో మొదలైందంటే మీరు ఆశ్చర్యపోతారు.

1920ల మొదట్లో కెనడాలో పశువులకు కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగక చనిపోయేవి. అంటారియో పశువైద్య కళాశాల పెథాలజిస్టు డాక్టర్ ఫ్రాంక్ స్కోఫీల్డ్ చచ్చిన పశువులను కోసి పరీక్షించారు. స్వీట్ క్లోవర్ అనే మేతను అనుమానించారు. ఒకే వామిలోని మంచి కాడలు ఒక కుందేలుకు, చెడిపోయినవి మరొక కుందేలుకు పెట్టారు. రెండవది రక్తస్రావంతో చనిపోయింది. బూజుపట్టిన మేత మాన్పిస్తే పశువులు దక్కుతాయని తేలింది.

పోలియో వల్ల ఒక చేయి, ఒక కాలు బలహీనమైన ఈయన 1916 నుండి 1920 వరకు కొరియాలో మిషన్ వైద్య కళాశాలలో బోధించారు. 1958లో తిరిగి అక్కడికే వెళ్లి, పశువ్యాధి శాస్త్రం చెప్పి, 1970లో అక్కడే కన్నుమూశారు.

ఆ మేతలోని పదార్థాన్ని తరువాత అమెరికాలో కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. ఆ పరిశోధన నుండే వార్ఫరిన్ వచ్చింది.

పరీక్షకు రాక, ఒంట్లో రక్తం కారుతూ వచ్చినవారిని మేము చూశాము. కనుక మా మనవి: చెప్పిన తేదీకి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోండి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు మింగవద్దు. చిగుళ్ల నుండి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా వెంటనే రండి.