న్యూ టు క్రెడిట్

ఇంతవరకూ బ్యాంకులోగానీ ఫైనాన్స్ కంపెనీలోగానీ అప్పు తీసుకోనివారిని రుణసంస్థలు ‘న్యూ టు క్రెడిట్’ అంటాయి. అప్పులు తీర్చే తీరును చెప్పే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. వీరి రిపోర్టులో ఆ అంకె ఉండదు.

రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటి అప్పు దరఖాస్తును తోసిపుచ్చవద్దని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో సూచించింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం లోక్‌సభలో ఆ సంగతి చెప్పడంతో ఈ పదం వార్తలకెక్కింది. అప్పు ఇచ్చితీరాలని మాత్రం కాదు. ఆదాయం, తీర్చే శక్తి చూసుకుని నిర్ణయం సంస్థే తీసుకుంటుంది.

ఆదోని పత్తి మార్కెట్లోనో, ప్రొద్దుటూరు బంగారు అంగట్లోనో చేతికి జీతం అందుకునే కుర్రాడికి తొలి బైకు దగ్గర చిక్కు ఇక్కడే. పే స్లిప్పు ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఎక్కువ డౌన్ పేమెంటు, ఇంట్లో ఒకరి జామీను అతనికి ఆసరా.

వడ్డీ లెక్క తప్పక అడగాలి. రూ.80,000కు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే మూడేళ్లకు రూ.28,800; అసలుతో కలిపి నెల కిస్తీ సుమారు రూ.3,022. తగ్గే బాకీపై లెక్కిస్తే అది దాదాపు 21 శాతం!

కిస్తీలు తీరాక అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) తీసుకుని, బైకు ఆర్‌సీలో హైపోథికేషన్ (తాకట్టు నమోదు) తీయించుకోవాలి.