మెట్టసీమ వంటింట రామములక

విజయవాడ నుంచి హైదరాబాదుకు పోయే రహదారి మీద మొదట నందిగామ, తరువాత జగ్గయ్యపేట వస్తాయి. పూర్వపు కృష్ణాజిల్లాలో ఇది మెట్టసీమ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ రెండు ఊళ్ళూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. కాని జిల్లా పేరు మారినంత మాత్రాన నేల స్వభావం మారదు గదా! డెల్టా కాలువలు ఇంత ఎత్తుకు ఎక్కలేవు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు వచ్చిన తరువాత కొన్ని పొలాలు మాగాణి అయినప్పటికీ కంది, మిరప, ప్రత్తి చేలే నేటికీ ఈ సీమకు గుర్తు. ఇక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. ఆ ఎండకు అన్నం సయించదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలవడానికి ఓపికా ఉండదు. ఈ రెండు ఇబ్బందులనూ తీర్చే వస్తువులలో బాగా పండిన నాటు టమాటా ఒకటి.

టమాటా పుట్టినిల్లు మన దేశం కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దాని జన్మస్థానం. దానిని సాగుచేసి తినడంలో ఆరితేరినవారు మెక్సికో ప్రజలు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు చేర్చగా, పోర్చుగీసు వర్తకుల మూలంగా అది మన తీరానికి వచ్చినదని చెబుతారు. చిత్తూరు వైపు దానిని తక్కాళి అన్నారు. కోస్తా జిల్లాలలో పెద్దలు రామములక అన్నారు, రామములగ అనీ పలికారు. నేలములక మన బీళ్ళలో పెరిగే ముళ్ళ మొక్క. వంకాయ, నేలములక, టమాటా ఒకే కుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతున్నది. ఆ బంధుత్వం మన పల్లెవాసుల వాడుకపేరులోనూ కనబడటం విశేషం.

పరదేశపు పండు మెట్టసీమ వంటలో ఇంతగా ఇమిడిపోవడానికి కారణం పంటల వరుసలో ఉన్నది. కంది సంక్రాంతి తరువాత ఇంటికి వస్తుంది. మాఘ ఫాల్గుణాలలో మిరప కళ్ళాలు ఎర్రబారుతాయి. ఆ రోజులలోనే కొత్త చింతపండు దిగుతుంది. శీతకాలంలో కాచిన టమాటా కూడా ఎండలు ముదిరేలోగా విరగపండుతుంది. పప్పు, కారం, పులుపు, పండు నాలుగూ ఒకే కాలంలో కొత్తవిగా దొరికినప్పుడు వంటకు హంగులు అవసరం లేదు.

పప్పు సంగతి చూడండి. కందిపప్పు మెత్తగా ఉడికిన తరువాతనే టమాటా ముక్కలు వేయాలి. ముందే వేస్తే ఆ పులుపు వల్ల పప్పు త్వరగా ఉడకదు. పండు బాగా పండినదైతే చింతపండు అక్కరలేదు. పచ్చిమిరప, పసుపు, ఉప్పు, వెల్లుల్లి తాలింపు చాలును. రోటి పచ్చడికి పండ్లను కొద్ది నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిరపకాయలు, జీలకర్రతో నూరుతారు. మిట్టమధ్యాహ్నానికి పెరుగు పచ్చడి హితవు. పండ్లను నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, చిదిమి, చల్లారిన పిమ్మట చిక్కని పెరుగులో కలిపి ఆవాల తాలింపు పెడతారు. వేడి ముద్దను పెరుగులో వేస్తే విరిగిపోతుంది.

నడివేసవిలో పండు దొరకని రోజులకు నిలవ పచ్చడి ఉన్నది. దీనికి పొయ్యి సూర్యుడే. కిలో పండ్లను కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, సుమారు 100 గ్రాముల ఉప్పు కలిపి జాడీలో ఉంచుతారు. మూడవనాడు ముక్కలను పిండి ఎండబెడతారు. ఊరిన రసంలో చింతపండు వేసి దానినీ ఎండలో పెడతారు. ముక్కలు వడలిన తరువాత రెండూ కలిపి నూరి, కారం, మెంతిపొడి, ఆవపొడి చేరుస్తారు. ఏ ఎండ మొక్కను మాడ్చుతున్నదో ఆ ఎండే దాని పండును ఏడాది పొడుగునా కాపాడుతున్నది!

ఎండ ముదిరితే మొక్కకు పూత రాలుతుంది. వేడి 30 డిగ్రీలు దాటినకొద్దీ పండుకు ఎర్రదనమిచ్చే లైకోపీన్ సరిగా ఏర్పడదు. కాయ పసుపు చాయలోనే నిలిచిపోతుంది. అందుచేత వేసవి బజారు సరుకుకు మదనపల్లె వంటి ఎత్తు ప్రాంతాల నుంచి వచ్చే లారీలే ఆధారం. ఆ ప్రయాణానికి గట్టి తోలు సంకర రకాలు తగినవి. పలుచని తోలు, గాట్లు, తొడిమ చుట్టూ ఆకుపచ్చ చాయ గల నాటు పండు బుట్ట అడుగున చితికిపోతుంది. అయితే ఆ ఆకుపచ్చ భుజాల విలువ 2012లో ఒక పరిశోధన వెల్లడించినది. కాయ అంతటా ఒకే రంగుతో పండాలని తరతరాలుగా ఎన్నిక చేసిన రకాలలో, కాయలోని పత్రహరితాన్ని పెంచే జన్యువు చెడిపోయినదనీ, దానివల్ల చక్కెర తగ్గినదనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. చూపుకు నదరు పెరిగినది. నాలుకకు రుచి తగ్గినది. పండును శీతలయంత్రంలో పెడితే సువాసన తగ్గుతుందని 2016లో మరొక పరిశోధన తేల్చినది. మన ఇళ్ళలో చల్లని మూల గంపలో ఉంచే పద్ధతి తెలివైనదే.

సంకర విత్తనం నుంచి వచ్చిన పండ్ల గింజలు నాటితే మరుసటి తరంలో అదే గుణం నిలవదు. ప్రతి ఏడూ కొనవలసినదే. నాటు రకం అట్లా కాదు. టమాటా పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది గనుక, మంచి పండు గింజ మంచి పండునే ఇస్తుంది. ఇది పాఠశాల తోటలో సులభంగా చేయదగిన ప్రయోగం. నిండుగా పండిన కాయ గుజ్జును గిన్నెలో రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీట మునిగిన గింజలను నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, రకం పేరు, తేదీ వ్రాయాలి. పొడిగా ఉంచితే మూడు నాలుగేళ్ళు మొలుస్తాయి. వానాకాలం చివర నారు పోస్తే మాఘమాసానికి విద్యార్థుల చేతికి పండ్లు వస్తాయి. పెరటిలో ఈ మొక్క మాయమైతే అంగడి ఆ విత్తును తిరిగి ఇవ్వదు. అమ్మమ్మల పచ్చడి రుచి మనుమలకు దక్కుతుందా లేదా అన్నది ఆ కాగితం పొట్లం మీదనే ఆధారపడి ఉన్నది.